టింకరింగ్ ల్యాబ్‌లో క్రీడా పరికరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాఠశాలల టింకరింగ్ ల్యాబుల గురించి, అంటే పిల్లలు పనిముట్లు పట్టుకుని వస్తువులను స్వయంగా తయారు చేసి నేర్చుకునే గదుల గురించి, గత సంచికలో రాస్తూ, దివ్యాంగులైన తోటి పిల్లలు ఆడుకోవడానికి కావలసిన పరికరాలను విద్యార్థులే అక్కడ తయారు చేయవచ్చునని ఒక్క వాక్యం చేర్చాను. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, వాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. భౌతికశాస్త్రం బోధించినన్నాళ్లూ మా బడి ల్యాబ్ బాధ్యత కూడా నాదే కాబట్టి, పిల్లలతో కలిసి చేసిన పనులలో పొరపాటైనవాటిని కూడా దాచకుండా చెబుతాను.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో టింకరింగ్ ల్యాబ్ ఉంది. ఎనిమిదో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక బాబు చక్రాల కుర్చీలో వస్తాడు. ఆటల పీరియడ్‌లో వేపచెట్టు కింద కూర్చుని చూస్తూ ఉంటాడు. అతని కోసం ఏదైనా చేస్తామని తోటి పిల్లలు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక ఉపాధ్యాయిని, పశ్చిమ గోదావరి జిల్లా)

అమ్మా, ముందు ఆ బాబు దగ్గర మొదలుపెట్టండి. ల్యాబ్ తాళం తీయకముందే, తయారు చేయబోయే పిల్లలు నలుగురూ అతని పక్కన కూర్చుని, ఏ ఆట ఆడాలని ఉందో, ఏ చెయ్యి ఎంతవరకు లేస్తుందో, మెడ ఎటు తిప్పగలడో, ఎంతసేపటికి అలసిపోతాడో అడిగి రాసుకోవాలి. మాటలు స్పష్టంగా రాకపోతే ఆగి వినాలి. అతని తరఫున అమ్మగారో, మీరో జవాబు చెప్పకండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కనుక్కుని, ఏ కదలిక చేయించవచ్చు, ఏది చేయించకూడదు అన్నది కూడా ఆ రోజే తెలుసుకోండి.

మీరు చెప్పిన వివరాలను బట్టి నాకు తోచిన ఆట బోచా. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి కోసమే రూపుదిద్దుకుని, 1984 నుంచి పారాలింపిక్స్‌లో కొనసాగుతున్న ఆట ఇది. మన గోలీలాటలో దూరాన ఉన్న గోలీకి దగ్గరగా వేసినవాడు గెలిచినట్టే, ఇందులోనూ ముందుగా ఒక తెల్ల బంతిని వేసి, తర్వాత ఒకరు 6 ఎర్ర బంతులు, మరొకరు 6 నీలం బంతులు దానికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. కోర్టు పొడవు 12.5 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. బంతి బరువు సుమారు 275 గ్రాములు, చుట్టుకొలత సుమారు 270 మిల్లీమీటర్లు. చేత్తో గానీ కాలితో గానీ బంతిని వేయలేనివారి కోసం బీసీ3 అనే విభాగం ఉంది. ఈ విభాగంలోని ఆటగాళ్లు బంతిని ఒక వాలు మీద నుంచి, అంటే ర్యాంప్ మీద నుంచి దొర్లిస్తారు. మీ పిల్లలు తయారు చేయవలసినది ఆ ర్యాంపే.

చుట్టుకొలతను 3.14తో భాగిస్తే బంతి వ్యాసం 86 మిల్లీమీటర్లు వస్తుంది. ప్లంబింగ్ దుకాణంలో నాలుగంగుళాల పైపు అని అడిగితే ఇచ్చే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును నిలువునా రెండుగా చీలిస్తే, ఒక్కొక్క సగం బంతికి చక్కటి కాలువ అవుతుంది. మూడంగుళాల పైపు తెచ్చి డబ్బు పాడుచేసుకోకండి, అందులో బంతి అంచులకు రాసుకుంటూ ఆగిపోతుంది. పైపు కోసే పని పెద్దవాళ్లు చేయాలి. కోసిన అంచులను ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేసే పని పిల్లలకు అప్పగించవచ్చు. పైపు నేరుగా నేలను తాకితే బంతి అక్కడ ఎగిరిపడి దారి తప్పుతుంది కాబట్టి, చివరి అడుగు మేర పలుచని ప్లాస్టిక్ రేకును వంపుగా అమర్చి, బంతి నేల మీదికి జారుకునేలా చూడండి. ర్యాంప్‌ను నిలబెట్టే స్టాండు కింద నాలుగు చిన్న చక్రాలుంటే అటూ ఇటూ తిప్పడం తేలిక. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే, పక్కకు పడుకోబెట్టిన ర్యాంప్ 2.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల చోటులో ఇమడాలన్న నిబంధనను, గురి చూపే లేజర్‌ను గానీ బంతిని నెట్టే యంత్రాన్ని గానీ అమర్చకూడదన్న నిబంధనను మొదటి నుంచీ దృష్టిలో పెట్టుకోండి.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఇక్కడొక మంచి పాఠం దొరుకుతుంది. బంతిని వదిలే ఎత్తును నాలుగు రెట్లు చేస్తేనే దాని వేగం రెండింతలు అవుతుంది. అలాంటప్పుడు ర్యాంప్ మీద గీతలు ఎలా గీయాలి అని పిల్లలు తికమకపడతారు. అయితే నేల మీద బంతి వెళ్లే దూరం వేగం మీద కాకుండా వేగపు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఎత్తు రెండింతలైతే దూరమూ సుమారుగా రెండింతలవుతుంది. అందువల్ల ఎత్తును సమాన భాగాలుగా విభజించి రంగు టేపులు అంటిస్తే సరిపోతుంది. లెక్క చెప్పి ఊరుకోకుండా, ఒక్కొక్క టేపు దగ్గర నుంచి పదేసి సార్లు బంతిని వదిలి, కొలత టేపుతో దూరం కొలిచి, పట్టిక రాయించండి. టైల్స్ నేల మీద, సిమెంటు నేల మీద దూరాలు వేర్వేరుగా వస్తాయి. ఆ రెండు పట్టికలూ ఆ బాబు దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఏ టేపు దగ్గర నుంచి వదలాలో నిర్ణయించవలసినవాడు అతనే.

మా బడిలో మొదటిసారి చేసిన ర్యాంప్ చూడడానికి ముచ్చటగా ఉండేది. పిల్లలు దానికి నీలం రంగు వేసి, ఆడబోయే అబ్బాయి పేరు కూడా రాశారు. తీరా అతన్ని కుర్చీలో తీసుకొచ్చి పక్కన నిలిపితే, బంతి పెట్టే చోటు అతని కళ్లకన్నా జానెడు ఎత్తున ఉంది. కొలతలు తీసుకున్న రోజు అతను బడికి రాలేదని, అతని ఎత్తే ఉన్న ఇంకో అబ్బాయిని బెంచీ మీద కూర్చోబెట్టి కొలిచారు. స్టాండును కోసి దించవలసి వచ్చింది. రెండో చిక్కు బంతిని వదలడం దగ్గర వచ్చింది. అతని వేళ్లు ముడుచుకుని ఉంటాయి, మెడ మాత్రం చక్కగా కదులుతుంది. పాత హెల్మెట్ లోపలి పట్టీలకు తేలికైన అల్యూమినియం గొట్టం బిగించి, చివర రబ్బరు బిరడా పెట్టి, నుదుటి మీద నుంచి ముందుకు వచ్చే కొమ్ములాంటిది చేశారు. బంతిని దానితో ఆపి పట్టుకుని, తల కొంచెం పైకెత్తితే బంతి బయలుదేరుతుంది. బంతిని ఆఖరున తాకేది ఆటగాడే కావాలన్న నిబంధన అలా నెరవేరింది.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన ఇంకొకటుంది. ర్యాంప్‌ను జరిపే సహాయకుడు కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు, సలహా చెప్పకూడదు. ఆటగాడు కుడికి అంటే కుడికి, ఇంకా అంటే ఇంకా జరపాలి, అంతే. మా బడిలో సహాయకుడిగా కూర్చున్న అబ్బాయి ఉండబట్టలేక మాటిమాటికీ మెడ తిప్పి చూసేవాడు. మూడో రోజున ఆటగాడు, మాట సరిగా రాని ఆ పిల్లవాడు, కూడబలుక్కుని గట్టిగా "తిరగకు" అన్నాడు. అంతవరకు ఏళ్ల తరబడి అతనికి చెప్పినవాళ్లే గాని, అతని చేత చెప్పించుకున్నవాళ్లు మా బడిలో లేరు.

బంతులు దొరికేవరకు ఆగనక్కరలేదు. గట్టి గుడ్డతో గుండ్రని సంచులు కుట్టి, ప్లాస్టిక్ గుళికలు నింపి, వంటింటి తూనిక మీద 275 గ్రాములకు సరిచూసి వాడుకోండి. ధాన్యపు గింజలు నింపితే వానాకాలం రాగానే పురుగు పడుతుంది.

ప్రశ్న: మేము నలుగురం డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాం. దగ్గరలోని అంధ విద్యార్థుల పాఠశాలకు క్రికెట్ బంతి తయారు చేసి ఇద్దామనుకుంటున్నాం. బంతిలో బజర్, బ్యాటరీ పెట్టే ఆలోచన సరైనదేనా? (విద్యార్థులు, కరీంనగర్)

మీ ఉద్దేశం మంచిదే గానీ, బ్యాటరీని బంతిలో పెట్టే ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టమనే చెబుతాను. బ్యాట్‌తో మళ్లీ మళ్లీ దెబ్బ తినే వస్తువులో లిథియం బ్యాటరీ ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. గుండీ ఆకారపు చిన్న బ్యాటరీ పెడితే, బంతి పగిలిన రోజున అది చిన్నపిల్లల నోట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, మింగితే అది పేగులను, అన్నవాహికను కాల్చేస్తుంది.

ఇంకొక కారణం మన చెవి పనిచేసే తీరులోనే ఉంది. ఒకే స్వరంలో మోగే బీప్ ఎటు నుంచి వస్తోందో పోల్చుకోవడం చెవికి కష్టం. ఎన్నో స్వరాలు కలిసిపోయిన గలగల శబ్దం వచ్చే దిక్కును చెవి ఇట్టే పసిగడుతుంది. అంధుల క్రికెట్‌లో వాడే గట్టి ప్లాస్టిక్ బంతిలో ఉక్కు బేరింగ్ గుళ్లు ఉండడం వెనుక ఉన్న ఉపయోగం ఇదే. బౌలర్ చెయ్యి కిందినుంచి విసిరిన బంతి పిచ్ సగం దాటకముందే నేలను తాకి దొర్లుకుంటూ రావాలి, దొర్లుతున్నంతసేపూ అది మోగుతూనే ఉంటుంది. పూర్తిగా చూపు లేనివారు, కొద్దిగా చూపు ఉన్నవారు కలిసి ఒకే జట్టులో ఆడతారు. పూర్తిగా చూపు లేని బ్యాటర్ చేసిన ప్రతి పరుగూ రెండుగా లెక్కకు వస్తుంది.

బేరింగ్ బంతికి ఒక లోపం ఉందని మీరు గమనించే ఉంటారు, ఆగిపోయిన బంతి మోగదు. మీ ఎలక్ట్రానిక్స్ తెలివిని ఆ లోపం మీద కాకుండా, కదలకుండా ఉండే వస్తువుల మీద చూపించండి. వికెట్ల వెనుక శబ్దం చేసే పెట్టె, పరుగు తీసే దారికి చివర శబ్దం చేసే పెట్టె, బాస్కెట్ కింద శబ్దం చేసే పెట్టె, ఇవన్నీ దెబ్బ తగలని చోట ఉంటాయి, మామూలు పెన్సిల్ సెల్‌తో నడుస్తాయి. వాటిలో కూడా బీప్ కాకుండా టకటకమనే శబ్దం వచ్చేలా చేయండి. ఏ శబ్దం బాగుందో మీ కళ్లకు గంతలు కట్టుకుని నిర్ణయించకండి. గంతలు కట్టుకున్నవారికీ, పుట్టినప్పటి నుంచి చెవితో లోకాన్ని తెలుసుకున్నవారికీ వినికిడి నేర్పు ఒకటి కాదు. నాలుగు రకాల శబ్దాలు తీసుకెళ్లి ఆ పాఠశాల పిల్లల ముందు పెట్టి, వాళ్లు ఎంచుకున్నదే ఖాయం చేయండి.

క్రికెట్‌తో పాటు గోల్‌బాల్ కూడా పరిశీలించమని కోరుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1946లో మొదలైన ఈ ఆటలో 1.25 కిలోల బరువున్న గంటల బంతిని నేల మీద దొర్లిస్తారు, జట్టుకు ముగ్గురు ఉంటారు, అందరూ కళ్లకు పట్టీలు కట్టుకుంటారు. కోర్టు గీతల కింద సన్నని దారం పెట్టి పైన టేపు అంటిస్తారు కాబట్టి గీత ఎక్కడుందో వేళ్లకు, పాదాలకు తగిలి తెలుస్తుంది. ఈ దారపు గీతకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, దానితో పిల్లలకు మొత్తం కోర్టు ఒంటికి తెలిసిపోతుంది. నేను చూసిన ఉపాయాలలో ఇంత చక్కనిది తక్కువ.

అంధుల క్రికెట్‌లో మనవాళ్లు ఎంత దూరం వెళ్లారో ఆ పాఠశాల పిల్లలకు తప్పక చెప్పండి. పల్నాడు నుంచి వచ్చిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకుడై 2023 సంవత్సరపు అర్జున పురస్కారం అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో తొలి అంధ మహిళల టీ20 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉన్నారు.

ప్రశ్న: ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్న తర్వాత మా అమ్మాయికి పిడికిలి బిగియడం లేదు. మోచెయ్యి బాగానే కదులుతుంది. టేబుల్ టెన్నిస్ ఆడతానంటోంది. బ్యాట్ పట్టుకోవడానికి కళాశాల విద్యార్థులు ఒక పట్టీ తయారు చేసి ఇస్తామంటున్నారు. చేయించవచ్చునా? (ఒక తల్లి, నిజామాబాద్)

నిరభ్యంతరంగా చేయించండి, అయితే మూడు సంగతులు చూసుకోండి. ప్రపంచ స్థాయి పారా టేబుల్ టెన్నిస్‌లోనే చేతి పట్టు లేని క్రీడాకారులు బ్యాట్‌ను సాగే బ్యాండేజీతో చేతికి కట్టుకుని ఆడతారు. రెండు చేతులూ లేని ఈజిప్టు క్రీడాకారుడు ఇబ్రహీం హమద్తూ బ్యాట్‌ను పళ్లతో పట్టుకుని, బంతిని కాలి వేళ్లతో ఎగరేసి పారాలింపిక్స్‌లో ఆడారు. మన జమ్మూ కశ్మీరు విలుకత్తె శీతల్ దేవి కాలితో విల్లు పట్టి గురి చూస్తుంది. కాబట్టి మీ అమ్మాయి అడిగినదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

మొదట చూడవలసినది చర్మం. వెన్నుపూస దెబ్బతిన్నవారికి చేతిలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, అప్పుడు పట్టీ ఒరుసుకుంటున్నా నొప్పి తెలియదు, పుండు పడిన తర్వాతే కంటికి కనిపిస్తుంది. మొదటి వారం ప్రతి 15 నిమిషాలకూ పట్టీ విప్పి చూడండి. ఎరుపు కొద్ది నిమిషాలలో పోతే ఫరవాలేదు, అరగంటకూ పోకపోతే ఆ పట్టీని ఆ రూపంలో మళ్లీ కట్టకండి. త్రీడీ ప్రింటర్‌లో చేసిన గట్టి ప్లాస్టిక్ నేరుగా చర్మానికి తగలకూడదు. మధ్యలో మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు పెట్టించండి. మధుమేహం ఉన్నవారికి చెప్పులు చేసేవారి దగ్గర ఈ రబ్బరు దొరుకుతుంది, దానిని అరచేతి వంపుకు తగినట్టు కోసి అంటించే నేర్పు కూడా మన విద్యార్థులకన్నా వారికే ఎక్కువ. ఆ నేర్పును విద్యార్థులు వారి పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటే మంచిది.

రెండోది, పట్టీని మీ అమ్మాయి తానే కట్టుకుని తానే విప్పుకోగలగాలి. వెల్క్రో చివర బొటనవేలు దూరేంత ఉంగరం కుట్టిస్తే, రెండో చేతి బొటనవేలితోనో పళ్లతోనో లాగి విప్పవచ్చు. ప్రతిసారీ అమ్మను పిలవవలసి వస్తే ఆ ఆట నెల తిరగకుండానే ఆగిపోతుంది. మూడోది, బ్యాట్ చేతికి ఏ కోణంలో ఉండాలన్నది మొదటి రోజే ఖాయం చేయకుండా, బిగించే చోట రెండు మరలు పెట్టి కోణం మార్చుకునే వీలు ఉంచమనండి. ఆడుతున్న కొద్దీ ఆమెకే తెలుస్తుంది.

ప్రశ్న: బాస్కెట్‌బాల్ ఆడే చక్రాల కుర్చీని విద్యార్థులు తయారు చేయగలరా? (ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం)

కుర్చీ చట్రం మాత్రం వారి చేత చేయించకండి. ఆటలో రెండు కుర్చీలు వేగంగా వచ్చి ఢీకొంటాయి, అతుకు ఊడితే పడేది ఆడుతున్న పిల్లవాడు. ఆట కుర్చీ చక్రాలు కింద వెడల్పుగా, పైన దగ్గరగా వాలి ఉంటాయి. చటుక్కున తిరగడానికి, పక్కకు పడిపోకుండా ఉండడానికి ఆ వాలు కావాలి. వెనక్కి తిరగబడకుండా వెనుక చిన్న చక్రం ఉంటుంది. వీటికి సరైన వెల్డింగ్, బరువు పరీక్ష, అనుభవం కావాలి.

కుర్చీ చుట్టూ చేయవలసిన పని మాత్రం బోలెడంత ఉంది. చువ్వల మధ్య వేళ్లు, అవతలి కుర్చీ ఇరుక్కోకుండా చక్రానికి బిగించే ప్లాస్టిక్ పళ్లేలు, నడుము పట్టీలు, బంతిని నేల మీద నుంచి తీయడానికి ఆసరా, కాళ్లు జారకుండా పట్టే తొట్టి, ఇవన్నీ పదో తరగతి పిల్లలు చక్కగా చేయగలరు. ఆసుపత్రిలో ఇచ్చే మడత కుర్చీతో పోటీ ఆట ఆడించకండి. ఎత్తు తగ్గించిన బుట్టలో బంతులు వేయడం వంటి నిదానమైన ఆటకు అది చాలు.

ప్రశ్న: మా బడి ల్యాబ్‌కు ఏడాదిలో పది నెలలు తాళమే. వస్తువులు పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. దివ్యాంగుల ఆటల కోసం దానిని తెరిపించడానికి ఆధారం ఏమైనా ఉందా? (ఒక తండ్రి, ఖమ్మం)

ఉంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఈ ల్యాబులను 6 నుంచి 12 తరగతుల పిల్లలు స్వయంగా చేసి నేర్చుకోవడానికే ఏర్పాటు చేసింది. ఒక్కొక్క ల్యాబ్‌కు 20 లక్షల రూపాయల వరకు సాయం నిర్ణయించారు, అందులో సగం ల్యాబ్ ఏర్పాటుకు, సగం నడపడానికి. నడపడానికి ఇచ్చిన డబ్బు అంటే వైర్లు, త్రీడీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగలు, మరలు వాడి అరగదీయడానికి ఇచ్చిన డబ్బే. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఉన్నవాటిని తాళాలలో ఉంచి కొత్తవాటి కోసం ఎదురుచూడడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం.

చట్టపరమైన ఆధారం దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. దాని 30వ సెక్షను పూర్తిగా క్రీడల గురించే చెబుతుంది. దివ్యాంగులు క్రీడలలో పాల్గొనేలా వసతులను మార్చాలని, వారి ప్రతిభను పెంచే సాంకేతికతను అభివృద్ధి చేయాలని అందులో ఉంది. ప్రధానోపాధ్యాయులకు రాసే దరఖాస్తులో ఈ సెక్షను పేర్కొనండి. అయితే దరఖాస్తుతో పాటు ఒక మనిషిని కూడా చూపించండి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని, తీసిన పనిముట్లు లెక్క చూసి తాళం వేసే పూర్వ విద్యార్థి ఒకరు దొరికితే, వస్తువులు పోతాయన్న భయం చాలావరకు పోతుంది. నా అనుభవంలో ల్యాబులు తెరుచుకున్నది ఉత్తర్వుల వల్లకన్నా ఇలాంటి మనుషుల వల్లే ఎక్కువ.

ల్యాబ్ లేని ఊళ్లో కూడా ఈ పని ఆగదు. వడ్రంగి కొట్టు, వెల్డింగ్ షాపు, కుట్టుమిషను ఉన్న ఇల్లు కలిస్తే అదే ల్యాబ్. అమెరికాలోని సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ తన ఆవరణ బయట మొట్టమొదటి ఫ్యాబ్ ల్యాబ్‌ను, అంటే వస్తువులు తయారు చేసుకునే ఇలాంటి ల్యాబ్‌నే, 2002లో పెట్టింది ఏ మహానగరంలోనో కాదు, పుణె దగ్గర పాబల్ అనే పల్లెలో, విజ్ఞాన ఆశ్రమంలో.

ప్రశ్న: మేము ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం. పారా క్రీడల పరికరాన్ని ప్రాజెక్టుగా తీసుకోవాలనుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఎక్కడ చేయవచ్చు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (విద్యార్థినులు, హైదరాబాద్)

రాయదుర్గంలోని టీ-వర్క్స్ మీకు దగ్గరలోనే ఉంది. 2023 మార్చిలో ప్రారంభమైన ఈ కేంద్రం 78,000 చదరపు అడుగులలో, నమూనాల తయారీకి కావలసిన యంత్రాలతో ఉంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల ఆటల గురించి పని చేయదలిస్తే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ నిపుణులను ముందుగా కలవండి. ఆ పిల్లలకు చాలాసార్లు కొత్త పరికరం అవసరమే ఉండదు. ఆట నియమాలను బొమ్మల కార్డులుగా చేసి చూపడం, పరుగు దారికి ప్రస్ఫుటమైన రంగు వేయడం చాలు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవారికి కేటాయించిన టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది అందరూ వేసుకునే స్పైక్ బూట్లతోనే. ఆమె దారిలో అడ్డుగా ఉన్నది పరికరాల కొరత కాదు, ఊళ్లో పడిన ఎగతాళి మాటలు.

జాగ్రత్త విషయానికి వస్తే, నేను కళ్లారా చూసినది చెబుతాను. ఒక కళాశాల నుంచి వచ్చిన జట్టు మా పక్క ఊరి ప్రత్యేక పాఠశాలకు మోటారుతో బంతి విసిరే యంత్రం ఒకటి ఇచ్చింది. ఫొటోలు తీసుకున్నారు, ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. రెండు నెలలకు దానిలోని పళ్ల చక్రం ఒకటి విరిగింది. విరిగిన ముక్కను ఆయా గారు జాగ్రత్తగా గుడ్డలో మూటకట్టి దాచారు, ఫోను చేస్తే ఆ విద్యార్థులు ఉద్యోగాలలో చేరి వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఏడాది తర్వాత నేను వెళ్లేసరికి ఆ యంత్రం మెట్ల కింద చీపుళ్ల పక్కన ఉంది. పిల్లలలో ఒకడు నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి దాన్ని చూపించాడు. ఆ పిల్లవాడి ముఖం నేను మరిచిపోలేదు.

అందుకని ఇచ్చే రోజున పరికరంతో పాటు నాలుగు వస్తువులు ఇవ్వండి: విరిగే అవకాశమున్న భాగాలు రెండేసి, వాటిని మళ్లీ ప్రింట్ చేసుకోవడానికి ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్, తెలుగులో బొమ్మలతో రాసిన మరమ్మతు కాగితం, మీ తర్వాతి బ్యాచ్‌లో బాధ్యత తీసుకునే ఒకరి ఫోను నంబరు. మోటారు లేకుండా పని జరిగే దారి ఉంటే మోటారు పెట్టకండి. మరలన్నీ ఒకే సైజువి వాడండి, అప్పుడు ఒక్క పానాతో మొత్తం విప్పి బిగించవచ్చు.

ప్రశ్న: మా పిల్లలు త్రీడీ ప్రింటర్‌లో చేసిన బ్యాట్ పిడి మే నెలలో మెత్తబడి వంకరపోయింది. లోపం ప్రింటర్‌దా? (ఒక ఉపాధ్యాయుడు, రెంటచింతల)

లోపం ప్రింటర్‌ది కాదు. బడులలో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మీ ఊరి ఎండలో నిలిపిన కారు లోపల గానీ, రేకుల షెడ్డు కింద ఉన్న ఇనుప పెట్టెలో గానీ ఆ వేడి మధ్యాహ్నానికే వస్తుంది. అదే పిడిని పీఈటీజీ తీగతో ప్రింట్ చేయించండి, అది సుమారు 80 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ప్రింటర్ పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోతుంది కాబట్టి, పొరకూ పొరకూ మధ్యనే విరుగుతుంది. పిడిని నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి ప్రింట్ చేస్తే దెబ్బకు అంత తొందరగా విరగదు. వంకరపోయిన పాత పిడిని పారవేయకండి, వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, వంకర తీసి, ఆడే పిల్లవాడి పిడికిలి కొలతకు కొత్త పిడిని గీసేటప్పుడు నమూనాగా పక్కన పెట్టుకోండి. వేడినీళ్లలో నుంచి తీసినదాన్ని మాత్రం చల్లారేవరకు పిల్లల చేతికి ఇవ్వకండి.